తొమ్మిది మందీ చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. చిక్కడపల్లిలో ఉంటాం. డిగ్రీలో కలిసి చదువుకున్న పదిమందిమి ఆరేళ్ల కిందట ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఇద్దరు అమెరికాలో ఉన్నారు, ఒకామె పుణేలో ఉంటుంది. మిగతావాళ్లం హైదరాబాదే, కానీ ఉప్పల్‌లో ఉండే మా లెక్కల టీచరూ, మియాపూర్‌లో ఉండే మా బ్యాంకు ఉద్యోగీ కలవాలంటే ఊరెళ్లినంత పని. నాకు చిన్నప్పటి నుంచీ వింత వార్తలంటే పిచ్చి. రోజూ పొద్దున నాలుగైదు గ్రూపులో పెడతాను. చదివిన పుస్తకాల గురించి రాస్తాను, పీడీఎఫ్ దొరికితే అదీ పెడతాను. పోయిన నెల మా అమ్మ పాత చీరల ముక్కలతో ఒక గుడ్డ పుస్తకం కుట్టాను. పన్నెండు పేజీలు, పేజీకో చీర, ఆ చీర కథ దారంతో రెండు ముక్కల్లో. మూడు నెలలు పట్టింది. ఫొటోలు గ్రూపులో పెట్టాను. మెసేజ్‌ని నొక్కిపట్టి చూస్తే తొమ్మిది మందీ చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు. పది నిమిషాల తర్వాత ఒకామె ఎక్కడిదో మొగుడూ పెళ్లాల జోకు పెడితే ఏడుగురు పడీ పడీ నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత వారం ఇంకో స్నేహితురాలు 'ఏమే, ఇన్ని పెడితే ఎవరు చదువుతారే, మాకేం పనీపాటా లేదనుకున్నావా' అంది, నవ్వుతూనే. తను మాత్రం మిద్దెతోట ఫొటోలు వారానికి ఇరవై పెడుతుంది, నేను అన్నిటికీ బొటనవేలు గుర్తు పెడుతూనే ఉన్నాను. గ్రూపులోంచి వచ్చేద్దామనిపిస్తోంది. తప్పు నాదా, వాళ్లదా?

సమాధానం: ముందు ఆ గుడ్డ పుస్తకం సంగతి. ఉత్తరంతో పాటు మీరు పంపిన ఫొటోలని కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. ఐదో పేజీలో నారాయణపేట చీర ముక్క మీద 'దీపావళికి కొంగు కాలింది. అమ్మ ఏడవలేదు, నాన్న ఏడ్చాడు' అని ఎర్ర దారంతో కుట్టారు చూడండి, అక్కడ ఆగిపోయాను. కాలిన అంచుని కత్తిరించి పారేయకుండా, ఇంకా చిరగకుండా చుట్టూ కాజా కుట్టు వేసి ఉంచారు. నాకు కుట్టు రాదు, మా ఇంట్లో బొత్తాం ఊడితే మా ఆయనే కుడతారు. అయినా అది ఆషామాషీ పని కాదని ఆ మాత్రం తెలుస్తుంది. కాబట్టి గ్రూపులో వాళ్లు మాట్లాడకపోవడానికీ మీ పనితనానికీ సంబంధం లేదు. ఆ అనుమానం ఉంటే ఇక్కడితో వదిలేయండి.

నిద్ర పట్టకపోవడం గురించి సిగ్గుపడుతూ రాసినట్టున్నారు, ఆ వాక్యం ఒకసారి కొట్టేసి మళ్లీ రాశారు. ఎందుకండీ సిగ్గు? మూడు నెలలు కళ్లు పొడుచుకుని కుట్టినదాన్ని నలుగురు చూసి బాగుందనాలనుకోవడం చిన్నతనమేమీ కాదు. పండక్కి ముగ్గు వాకిట్లో వేస్తాం గానీ వంటింట్లో వేసుకుని తలుపేసుకోం కదా.

ఇక తప్పు ఎవరిదంటే, సగం మీదే. అది ఏ సగమో చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

రోజుకి నాలుగైదంటే నెలకి 120 నుంచి 150. ఆరేళ్లకి లెక్కేస్తే పదివేలకి దగ్గరగా వచ్చింది. మీ లెక్కల టీచరుని అడగండి, తనూ అదే చెప్తుంది. ఈ పదివేల పోస్టులతో మీరు స్నేహితురాళ్లకి తెలియకుండానే ఒక అలవాటు నేర్పారు. మీ పేరు కనిపించగానే బొటనవేలితో పైకి తోసేయడం వాళ్లకి వచ్చేసింది. ఆ రోజు గుడ్డ పుస్తకం వచ్చినప్పుడు కూడా వేలు అలవాటు ప్రకారమే కదిలి ఉంటుంది. ఫోన్ తెర మీదికి వచ్చినంత మాత్రాన చదివినట్టు కాదు. మెసేజ్ నొక్కిపట్టి ఎవరెవరు చూశారో లెక్కపెట్టడం మాత్రం ఇవాళ్టి నుంచి మానేయండి. దానివల్ల ఎవరికీ మేలు జరగదు, మీకు బీపీ పెరగడం తప్ప.

నా సంగతి చెప్తాను. పెళ్లయిన కొత్తలో నేను హైదరాబాదు వచ్చేస్తే, నా ప్రాణస్నేహితురాలు వరంగల్‌లో ఉండిపోయింది. పేపర్లో ఏదైనా వింత కనిపిస్తే కత్తెరతో కత్తిరించి దాచేదాన్ని. నెలకో కవరు పంపేదాన్ని. కవరు బరువెక్కితే స్టాంపులకి ఎక్కువవుతుంది కాబట్టి, ఆ నెలలో దాచిన పదిహేను ముక్కల్లో మూడే వెళ్లేవి. ఆ మూడు ఏరడానికి ఒక మధ్యాహ్నం పట్టేది. దీనికి తను నవ్వుతుంది, ఇది వాళ్లాయనకి చదివి వినిపిస్తుంది, ఇది తనకి తెలిసే ఉంటుంది, పక్కన పెట్టు... ఇలా. అంచున పెన్నుతో ఒక ముక్క రాసేదాన్ని, 'మీ చిన్నాన్న అచ్చం ఇలాగే చేశాడు గుర్తుందా' అని. ఇప్పుడు పంపడానికి పైసా ఖర్చు లేదు. ఖర్చు లేకపోయేసరికి ఏరడం అనే పని మన చేతుల్లోంచి జారిపోయి, అవతలివాళ్ల నెత్తిన పడింది. నాలుగైదు పంపి 'మీకు నచ్చింది ఏరుకోండి' అన్నట్టయింది.

మీరు చేయాల్సిందల్లా ఆ స్టాంపు ఖర్చు మీకు మీరే వేసుకోవడం. వారానికి రెండు చాలు, అంతకన్నా వద్దు. వాటిలో ఒకటే గ్రూపుకి, రెండోది ఒక మనిషికి.

ఒక మనిషికి అంటే ఎలాగో చూడండి. మీ ఉత్తరంలో ఇగ్ నోబెల్ బహుమతుల గురించి ఉత్సాహంగా రాశారు. అవంటే నాకూ ఇష్టమే. 1991 నుంచి ఏటా, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇస్తున్నారు. 2019లో ఆస్ట్రేలియా వాంబాట్ అనే జంతువు పెంటికలు పాచికల్లా నలుపలకలుగా ఎందుకుంటాయో కనిపెట్టినవాళ్లకి భౌతికశాస్త్రంలో ఇచ్చారు. మీరు ఆ ఏడాది బహుమతులన్నీ ఒకేసారి గ్రూపులో దించారు. అలా కాకుండా, 2002లో గణితంలో వచ్చిన బహుమతి ఒక్కటి తీసుకోండి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇద్దరు, ఏనుగు ఒంటి చర్మం మొత్తం ఎన్ని చదరపు మీటర్లుంటుందో లెక్కగట్టే పద్ధతి కనిపెట్టినందుకు అందుకున్నారు. దాన్ని ఉప్పల్ టీచరుకి విడిగా పంపి, 'గోళం, స్థూపం ఉపరితల వైశాల్యాలు చెప్పేటప్పుడు మీ పిల్లలకి ఏనుగు లెక్క ఇచ్చి చూడవే, ఏమంటారో' అని రాయండి. ఆవిడ జవాబు ఇవ్వకుండా ఉండలేదు. వారం తర్వాత క్లాసులో ఏమైందో చెప్పకుండానూ ఉండలేదు. మీ డాక్టరు స్నేహితురాలికైతే 2001 బహుమతి ఉండనే ఉంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ డాక్టర్లిద్దరు, టీనేజీ పిల్లలు ముక్కులో వేలు పెట్టుకోవడం మీద చేసిన పరిశోధనకి ప్రజారోగ్యం విభాగంలో ఇచ్చారు. గ్రూపులో గాలికి వదిలితే ఎవరికీ తగలని రాయి, గురి చూసి విసిరితే తగులుతుంది.

గ్రూపులో పెట్టే ఆ ఒక్కటీ అందరికీ చోటుండేది అయితే బాగుంటుంది. దూరదేశపు వింతలు చదివి 'అబ్బో' అని ఊరుకుంటాం, అంతకు మించి చెప్పడానికి మన దగ్గర ఏముంటుంది? మన ఊళ్లో వింతలకేం తక్కువ. అబిడ్స్ అన్న పేరు ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా మూలాల వ్యాపారి దుకాణం వల్ల వచ్చింది. ఆ దుకాణం ఏనాడో పోయినా, ఇప్పటికీ ఆయన పేరే పలుకుతూ మనం ఆటోవాళ్లతో బేరమాడుతున్నాం. ఏడో నిజాం 184.75 క్యారెట్ల జేకబ్ వజ్రాన్ని కాయితాలు ఎగిరిపోకుండా బరువుకి వాడుకున్నాడు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో నడిచే కార్లున్నాయి. ఆ మ్యూజియం పెట్టిన సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు కొట్టారు. వీటిలో ఏది పెట్టినా ఇక్కడి ఏడుగురిలో ముగ్గురైనా 'మేం పిల్లల్ని తీసుకెళ్లాం' అంటారు, అమెరికా ఇద్దరూ 'వచ్చినప్పుడు చూపించవే' అంటారు.

వీటన్నిట్లోకీ నాకిష్టమైనది మాత్రం చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరదొచ్చి వేల ప్రాణాలు పోయినప్పుడు, 150 మందికి పైగా ఒక చింతచెట్టెక్కి బతికారంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆసుపత్రి తర్వాత కట్టారు, చెట్టు ముందు నుంచీ అక్కడే ఉంది. మీ గ్రూపులో ఎవరో ఒకరి పిన్నో మేనత్తో ఆ ఆసుపత్రిలో పనిచేసే ఉంటుంది, లేదా ఎవరో ఒకరు అక్కడే పుట్టి ఉంటారు. 'మన పదిమందిలో ఉస్మానియాలో పుట్టినవాళ్లెవరే?' అని అడిగి, దాని కింద చెట్టు కథ పెట్టండి. జోకుకి ఏడుగురు నవ్వారన్న బాధ ఆ సాయంత్రానికి పోతుంది.

ఆ జోకు గురించి కూడా ఒక మాట. దానికి ఏడు నవ్వులు పడ్డాయంటే అది మీ పుస్తకం కన్నా నచ్చిందని అర్థం చేసుకోకండి. జోకుకి స్పందించడానికి నవ్వు బొమ్మ ఒక్కటి చాలు, పొయ్యి మీద కూర కలుపుతూ ఎడం చేత్తో పెట్టొచ్చు. అమ్మ చీరలతో కుట్టిన పుస్తకానికి నవ్వు బొమ్మ పెడితే తప్పనిపిస్తుంది, రెండు మంచి ముక్కలు రాయాలనిపిస్తుంది. తీరిగ్గా రాద్దాంలే అనుకుంటారు. ఆ తీరిక రాదు. మూడు రోజులు గడిచాక ఇప్పుడు రాస్తే బాగోదేమో అనిపిస్తుంది. ఇది ఎందుకంత ఖాయంగా చెప్తున్నానంటే, నేనూ ఆ పని చేశాను. ఒక స్నేహితురాలు వాళ్లాయన పోయాక రాసుకున్న కవితల ఫైలు పంపింది. దానికి సరిపోయే మాట కోసం వెతుకుతూ ఐదు నెలలు జవాబివ్వలేదు. చివరికి ఒక పెళ్లిలో ఎదురుపడితే, 'నచ్చలేదని నాకు అర్థమైందిలే' అంది. ఆ పెళ్లి భోజనం నాకు గొంతు దిగలేదు.

అందుకని ఫొటోలు పెట్టినప్పుడు ఏం కావాలో కూడా చెప్పేయండి. 'మూడు నెలలు పట్టింది, బాగుంటే బాగుందని ఒక్క మాట అనండే, నాకు సంతోషంగా ఉంటుంది' అని రాస్తే పరువేమీ పోదు. లేదా, 'ఈ పన్నెండింట్లో ఏ చీర మీకు గుర్తుంది? మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఏది కట్టుకునేది?' అని అడగండి. డిగ్రీ రోజుల్లో మీ అమ్మగారి చేతి భోజనం తిన్నవాళ్లు ఆ గ్రూపులో ఎంతమంది ఉంటారో ఒకసారి లెక్కేసుకోండి.

ఇక మిద్దెతోట ఆవిడ. ఆవిడ ఫొటోలు ఇరవైకీ బొటనవేలు పెట్టానని మీరు పుణ్యం లెక్కలో రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో తేడాగా అనిపించిన వాక్యం అదే. ఆవిడ పొట్లపాదు ఫొటోలో కాయ కింద వేలాడుతున్నది ఏమిటో చూశారా? కాయ వంకర పోకుండా రాయి కట్టిందా, లేక వంకరగానే వదిలేసిందా? గోంగూర ఏ కుండీలో వేసింది, మీకు నాలుగు కట్టలు పంపగలదా? చూడకుండానే బొటనవేలు పెట్టి ఉంటారు. అంటే ఆవిడ మీ పోస్టులకి ఏం చేసిందో మీరూ ఆవిడకి అదే చేశారు, కాకపోతే మర్యాదగా. ఆవిడ కనీసం నోరు విప్పి చెప్పింది. నేనైతే ఆ 'ఏమే' అన్న పిలుపుని కొంచెం గౌరవిస్తాను. మిగతా ఎనిమిది మందీ మొహమాటపడిన చోట ఆవిడ స్నేహితురాలిలా మాట్లాడింది. ఫోన్ చేసి, 'నిజమేనే, ఎక్కువ పెడుతున్నాను' అనండి. తర్వాత పొట్లకాయ సంగతి అడగండి. ఆవిడ కనీసం నలభై నిమిషాలు మాట్లాడుతుంది, కాబట్టి పని అయ్యాక చేయండి.

వింత వార్తల విషయంలో ఒక జాగ్రత్త. వార్త ఎంత రుచిగా ఉంటే అంత అనుమానించాలి. మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా ప్రకటించిందన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఒళ్లు పులకరించి మా చుట్టాల గ్రూపు, పాత కాలనీ గ్రూపు, మొత్తం నాలుగింటికి పంపాను. యునెస్కో అలాంటి ప్రకటనేదీ చేయలేదని మా అక్క కొడుకు గ్రూపులోనే అందరి ముందూ చెప్పాడు. ఆ తర్వాత ఏడాది పాటు నేను శుభోదయం అని పెట్టినా 'పిన్నీ, ఇది నిజమేనా' అని అడిగేవాడు వెధవ. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి చేసింది. అంతకుముందు, 2018లో, మన దేశంలో ఏ మెసేజ్ అయినా ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లతో ఆ ఏడాది దేశంలో చాలా చోట్ల అమాయకులని కొట్టి చంపారు, మన ఊరూ దానికి మినహాయింపు కాదు. వాంబాట్ పెంటికల వార్తకీ దానికీ పోలిక ఏమిటంటారా? పంపే వేలు ఒకటే కదా. రెండు బాణాలుంటే మూలం దొరికేదాకా పంపకండి, దొరక్కపోతే పోనివ్వండి.

పుస్తకాలకి వద్దాం. ఇక్కడ మాత్రం మెత్తగా చెప్పలేను. కొత్త తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు పెట్టడం మానేయండి. తెలుగులో చాలా పుస్తకాలు ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, చాలాసార్లు రచయితే సొంత డబ్బుతో వేసుకుంటాడు. అమ్ముడుపోనివి ఆయన మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. మీరు ప్రేమతోనే పంచుతున్నారు, నాకు తెలుసు, కానీ ఆ ప్రేమ ఆయన అట్టపెట్టెలు ఖాళీ చేయదు. మన చట్టం ప్రకారం రచయిత బతికున్నన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ అప్పారావు గారి రచనలో, 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి గారి రచనలో అయితే నిశ్చింతగా పంచండి. అలాంటివి తెలుగు వికీసోర్స్‌లో, ఎవరెవరో ఓపికగా అక్షరం అక్షరం దిద్ది పెట్టినవి, ఉన్నాయి. కొత్త పుస్తకమైతే మీకు నచ్చిన ఒక్క పేరా ఫొటో తీసి, రచయిత పేరు, ఎక్కడ దొరుకుతుందో రాసి పెట్టండి. ఎవరైనా అడిగితే మీ కాపీ అరువివ్వండి. అరువిచ్చిన పుస్తకం వెనక్కి తీసుకునే వంకతో మనిషిని రెండుసార్లు చూడొచ్చు, పీడీఎఫ్‌తో ఆ సుఖం లేదు. బొమ్మలకీ అల్లికలకీ ఇదే వర్తిస్తుంది. ఎవరి చేతిపనైనా పంపేటప్పుడు కింద ఉన్న వాళ్ల పేరు కత్తిరించుకుపోకుండా చూడండి. మీ గుడ్డ పుస్తకం ఫొటోలు ఎవరో పేరు లేకుండా తిప్పితే మీకెలా ఉంటుందో ఆలోచించండి చాలు.

సురవరం వారి పేరు వచ్చింది కాబట్టి, అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ చెప్తాను. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యం అని ఒకాయన రాశారు. పూజ్యం అంటే ఇక్కడ పూజించదగినవాళ్లని కాదు లెండి, సున్నా అని. అప్పుడు ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక నడుపుతున్నారు. ఆయన చెయ్యి తిరిగిన రచయిత. కావాలంటే 'ఇదిగో నేనున్నాను, నా పద్యాలు చూడండి' అనొచ్చు. అనలేదు. ఊరూరి నుంచీ కవుల పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అందులో 354 మంది కవులున్నారు. తన పద్యం అందులో ఉన్నవాడు ఆ పుస్తకం గురించి మాట్లాడకుండా ఉంటాడా? ఇంటికి తెప్పించుకుంటాడు, చుట్టాలకి చూపిస్తాడు, పక్కపేజీలో ఉన్నవాడి గురించి వాదిస్తాడు.

మీ గుడ్డ పుస్తకంలో పన్నెండు పేజీలూ మీ అమ్మవే. అందంగా ఉంది, నిండుగా ఉంది, మీ స్నేహితురాళ్లు దూరడానికి మాత్రం సందు లేదు. రెండో పుస్తకం మొదలుపెట్టండి. పదిమందివి పది పేజీలు. ఒక్కొక్కరినీ వాళ్లమ్మ చీరలోంచి జానెడు ముక్క, ఆ చీర గురించి రెండు వాక్యాలు అడగండి. గ్రూపులో అడగొద్దు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగండి. అమెరికా వాళ్లు పంపడం కష్టం కదా అనుకోకండి, వాళ్లమ్మల చీరలు ఇక్కడే ఏ బీరువాలోనో కలరా ఉండల వాసనతో ఉంటాయి. అమ్మ ఉంటే ఆవిడే కత్తిరించి ఇస్తుంది, కథ కూడా ఆవిడే చెప్తుంది, కూతురికి తెలియనిది. ఎవరికైనా అమ్మతో పడకపోతే, లేదా ఆ ప్రస్తావనే బాధ అయితే, వాళ్ల ఓణీ ముక్కో, కాలేజీ బ్యాగు గుడ్డో ఏదైనా సరే తీసుకోండి. ఇద్దరు ముగ్గురు ఇవ్వకపోవచ్చు. వాళ్ల పేజీలు ఖాళీ తెల్లగుడ్డతో వదిలి పెట్టండి, వెంటపడకండి. వాళ్ల కథలు మాత్రం అడక్కుండా గ్రూపు బయట ఎక్కడా పెట్టొద్దు. పదిమందిలో చెప్పేదీ పదివేల మందిలో చెప్పేదీ ఒకటి కావు.

ఫోన్ అవతల కలవడం కూడా చూడండి. అందరూ కలవాలంటే ఆరు నెలలు తేదీలు చూసుకుంటూనే గడుస్తుంది. ముగ్గురు చాలు. ఒక ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కలవండి. మీకు చిక్కడపల్లి నుంచి మెట్రోలో నారాయణగూడ దాటితే సుల్తాన్ బజారే, అక్కడి నుంచి నడకే. మియాపూర్ ఆవిడకి మెట్రో ఇంటి దగ్గరే ఉంది, వంకలు చెప్పడానికి వీల్లేదు. ఒక్కొక్కరూ వందరూపాయల లోపు ఒక పుస్తకం, తన కోసం కాకుండా పక్కామె కోసం కొనాలని పందెం పెట్టుకోండి. మీ స్నేహితురాలికి ఏది నచ్చుతుందో మీకు తెలుసో తెలియదో అక్కడ బయటపడుతుంది. నాకు ఒకామె ఇలాగే కుక్కల పెంపకం పుస్తకం కొనిచ్చింది. నాకు కుక్కలంటే భయం. ముప్ఫై ఏళ్ల స్నేహం మాది. ఎండెక్కకముందే తేల్చుకుని, అక్కడే సుల్తాన్ బజార్‌లో, 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయాన్ని ఒకసారి చూసిరండి, ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ముందు కనుక్కుని. తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, అది నేను చెప్పక్కర్లేదు.

గ్రూపులోంచి మాత్రం వచ్చేయకండి. 'లెఫ్ట్' అని బూడిదరంగు అక్షరాలు పడగానే తొమ్మిది మందీ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు, మీకు తప్ప. ఆ తర్వాత తిరిగి రావడం అత్తారింటి నుంచి అలిగొచ్చినంత పెద్ద వ్యవహారమవుతుంది. ఒక పదిహేను రోజులు మ్యూట్‌లో పెట్టి, వింతలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎవరి కోసమో పక్కన పేరు రాసుకోండి. పేరు తట్టనివి ఎన్ని మిగులుతాయో మీకే తెలుస్తుంది. వాటిని నాకు పంపండి కావాలంటే, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం అత్తాకోడళ్ల గొడవలే, మధ్యలో వాంబాట్ వస్తే నాకూ ప్రాణం లేచొస్తుంది.

రెండో పుస్తకంలో పదకొండో పేజీకి చోటుంటే చెప్పండి. మా అత్తగారి వెంకటగిరి చీర ఒకటి నా దగ్గరుంది. కొంగు మీద పసుపు మరక, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ మరక ఎలా పడిందో రెండు వాక్యాల్లో రాయడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. మరక ఉన్న వైపే కత్తిరించి పంపుతాను.